ఆఖరి దుబ్బు దగ్గర

“ఈ ఇంట్లో ఆ జంతువుల బొమ్మలన్నా ఉండాలి, నానన్నా ఉండాలి! ఏటో ఒకటి ఇప్పుడే తేల్చుకోండి!”

సత్యారావు అరిచిన అరుపుకి వంటింట్లో ఉన్న దేముడమ్మ చేతిలోంచి గరిటె జారి పులుసులో మునిగిపోయింది. ఆ ఒక్క క్షణంలో ఆమె కళ్ళముందు ఎన్ని గండాలు కదిలాయో! భర్తకి బీపీ పెరిగి నోరు వంకరపోయినట్టు... కోడలు పెట్టె సర్దుకుని మాడుగుల బస్సు ఎక్కేసినట్టు... కొడుకు తాగుడు మరిగి ఏ కల్వర్టు మీదనో పడిపోయినట్టు... ఏడేళ్ళ మనవరాలు చిన్నారి తల్లిలేని పిల్లలా జడలు విరబోసుకుని వీధులంట తిరుగుతున్నట్టు...! పులుసు ఇంకో పొంగు రాకముందే ఆ ఇల్లు ఆమె మనసులో నాలుగు ముక్కలైపోయింది.

గుండె పట్టుకుని ముందుగదిలోకి పరుగెత్తింది. నేలంతా పుస్తకాలు! రంగురంగుల అట్టల మీద ఒక బావురుపిల్లి... చెరకు తోటల్లో తిరిగే ఆ అడవి పిల్లి, తన మూడు కూనల్నీ కాళ్ళ మధ్య దాచుకుని అందరివంకా బితుకు బితుకుమని చూస్తోంది. కోడలు ప్రవల్లిక గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె వేళ్ళకి అంటిన ఆకుపచ్చ రంగు ఇంకా ఆరనే లేదు.

ప్రవల్లిక పరాయి పిల్లా? దేముడమ్మ తమ్ముడి కూతురు! తొమ్మిదో ఏట తల్లి పోతే, మారుతల్లి చేతిలో ఏమైపోతుందో అని భయపడి, మాడుగుల నుంచి చోడవరం పక్కనున్న ఈ ఊరికి తెచ్చుకుంది. కడుపున పుట్టిన దానికంటే ఎక్కువగా పెంచింది. చోడవరం కాలేజీలో డిగ్రీ చదివించింది. చివరికి కొడుకు సాయికిరణ్‌కే ఇచ్చి చేసుకుంది. ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ ఒకటే పిచ్చి... ముంగిసని చూస్తే ముంగిస బొమ్మ, ఉడుతని చూస్తే ఉడుత బొమ్మ. ఆ పిచ్చే పెద్దదై, చిన్నపిల్లల కోసం జంతువుల మీద కథలు రాసి, తనే బొమ్మలు వేసి, పోయినేడాది ఒక పుస్తకం తెచ్చింది. దాని పేరు ‘ముగ్గురూ ఉన్నారా?’. విశాఖపట్నంలో ఎవరో అచ్చువేశారు. చుట్టుపక్కల బడులన్నిటికీ వెళ్ళింది. ఊళ్ళో పిల్లలు దాన్ని ఎక్కాల కంటే ముందు బట్టీపట్టేశారు!

అదే ఇప్పుడు కొంప ముంచింది.

ఆ పక్క ఊళ్ళలో చెరకు నరికేటప్పుడు ఒక అలవాటుంది. మడి నాలుగు పక్కలనుంచీ నరుక్కుంటూ వస్తారు. లోపలున్న కుందేళ్ళూ, ముంగిసలూ, పిల్లులూ వెనక్కి వెనక్కి జరిగి, చిట్టచివర మిగిలిన నాలుగైదు దుబ్బుల్లోకి చేరతాయి. అప్పుడు కత్తులు పక్కనపెట్టి, కర్రలతో, వలలతో, కుక్కలతో ఆ దుబ్బుల్ని చుట్టేస్తారు. ఏది బయటికి దూకితే అది ఆ పూట కూర! నరికినవాళ్ళకి అదొక పండగ, చెరకు ఆసామికి అదొక పరువు. సత్యారావు తండ్రి కాలంనుంచీ వాళ్ళ మడిలో ఆఖరి దుబ్బు ఖాళీగా పోయింది లేదు.

నిన్న పల్లపు మడిలో నరుకుడు ఆఖరికి వచ్చేసరికి, బడినుంచి వచ్చిన పదిమంది పిల్లలు ఆ దుబ్బుల ముందు చేతులు పట్టుకుని నిలబడిపోయారు. “ఒక పక్క దారొదలండి! ఒక పక్క దారొదలండి!” అని ఒకటే గోల! అది పుస్తకంలోని మాట. కుందేలు కాస్తా చిన్నారి కాళ్ళ సందులోంచి దూరి చక్కా పోయింది. నరుకుడు జట్టు మేస్త్రీ పరదేశి కర్ర నేలకేసి కొట్టాడు. “బాబూ! రావికమతం నుంచి ఇంత దూరం వచ్చి పిల్లకాయల సేత ఎక్కిరింపులు పడ్డానికా? మీ మెట్ట మడికి మరో జట్టుని సూసుకోండి!” అని గట్టు మీద ఉమ్మేసి ఆటో ఎక్కేశాడు. గానుగ మాట్లాడి ఉంది. మెట్ట మడిలో చెరకు ముదిరి పూతకొచ్చి ఉంది. చుట్టుపక్కల ఒక్క జట్టూ ఖాళీ లేదు.

“సెప్పేను పరదేశికి,” సత్యారావు రొప్పుతున్నాడు. “ఆదివారం మెట్ట మడి నరుకుడు. ఈ పిల్ల అక్కడికొస్తాది. జట్టు ముందు, ఊరి పిల్లల ముందు నిలబడి, ‘నాను రాసిందంతా అబద్ధం, ఇంకెప్పుడూ రాయను’ అని సెప్తాది. ఆ కొత్త పుస్తకం బొమ్మలున్నాయే, అయ్యి తన సేత్తోనే చెరకు సెత్త మంటలో ఏస్తాది. ఏసిందా, ఇంట్లో ఉంటాది. లేదా... మాడుగుల బస్సు గంటకోటి!”

“మావయ్యా!” ప్రవల్లిక తల వంచలేదు. “వేట మానేయమని నేను రాయలేదు. ఒక పక్క దారి వదలమన్నాను. పరుగెత్తగలిగింది పరుగెత్తుతుంది. అందులో అబద్ధమేటుంది?”

“ఎదురు సెప్తందిరా!” గుమ్మంలో కూర్చున్న సన్యాసమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆమె సత్యారావు అక్క. తగువున్న ఇంటికి పిలవకుండా వచ్చే మనిషి. “నాను ఆనాడే సెప్పేను తమ్ముడా, సదువుకున్న గుంట మనకొద్దని. ఇంటిపని సేసుకోక పిల్లికీ ఎలక్కీ కతలు రాయడమేటి! రేపు బొద్దింకకి కూడా రాస్తాది, మనం ఇల్లు తుడుసుకోడం మానేద్దుం!”

“నాన్నా... పిల్లల పుస్తకానికి ఇంత...” సాయికిరణ్ ఏదో అనబోయాడు.

“నువ్వు నోర్ముయ్యరా!”

అంతే! చోడవరం బస్సు కాంప్లెక్సు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసుకునే ఆ ముప్పై మూడేళ్ళ కొడుకు నోరు మూసుకుని ఫోనులోకి చూస్తూ ఉండిపోయాడు. సత్యారావు కోడలి బల్ల మీదున్న నీలం ఫైలు... కొత్త పుస్తకానికి ఎనిమిది నెలలు కష్టపడి వేసిన ఇరవై నాలుగు బొమ్మలు... చంకన పెట్టుకుని వెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసేశాడు. ఆ తాళం టక్కుమన్న చప్పుడికి ప్రవల్లిక కళ్ళు మూసుకుంది. ఒక్క చుక్క నీరు రాలేదు. ఆ నీరంతా దేముడమ్మ కళ్ళలోంచి కారింది!

*

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో మగవాళ్ళు లేని వేళ చూసి, దేముడమ్మ కోడలి పక్కన చతికిలబడింది. చిన్నారి బడికి వెళ్ళింది. అన్నం పెట్టిన కంచం ప్రవల్లిక ముందు అలాగే ఎండిపోతోంది.

“ఒలే అమ్మా... ఒక్క ముక్కే! ‘తప్పయిపోనాది’ అను. నోటితో అన్నంత మాత్రాన మనసుతో అన్నట్టేటి? నిన్ను పంపించేస్తే నానెలగ బతుకుతానే! మీ నాన్న ఇంట్లో ఆ మారుతల్లి నీకు ముద్ద పెడతాదా? చిన్నారికి జొరమొస్తే? అర్ధంతరంగా నాకేటైనా అయిపోతే? మీ మావయ్య మొండోడు... ఆ బొమ్మలు ఆయనే మంటలో ఏసేస్తాడు. అప్పుడు నువ్వు ఏడిసి ఏడిసి జబ్బు పడిపోతావు. జబ్బు ముదిరి...”

“అత్తా! నన్ను ఆస్పత్రిదాకా తీసుకెళ్ళిపోయేవు, ఇంక ఆగు!” అంత దుఃఖంలోనూ ప్రవల్లిక పెదవి మీద చిరునవ్వు మెరిసింది. తర్వాత అత్త చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. “అత్తా... నువ్వా పుస్తకం ఎప్పుడైనా చదివేవా?”

దేముడమ్మ తల దించుకుంది. ఎలా చెప్పాలి? అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే గానీ మాట తెలియదు. మనవరాలి ముందు తప్పు చదివితే నవ్వుతుందేమోనని భయం... అంతకంటే పెద్ద భయం, అందులో ఏడో పేజీలో పాము బొమ్మ ఉందిట! బొమ్మైనా పామే కదా!

“సదవలేదే...”

“అయితే తప్పో ఒప్పో తెలీకుండా తప్పని ఎలా చెప్పమంటున్నావు? చదువు. చదివి తప్పుందని నువ్వంటే, ఆదివారం నేనే వెళ్ళి ఆ బొమ్మలు మంటలో వేస్తాను. మావయ్య మాట కాదు, నీ మాట చాలు నాకు!”

ఎంత బరువు పెట్టేసింది పిల్ల! దేముడమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుని పుస్తకం తెరిచింది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం... చెరకు తోట. తల్లి బావురుపిల్లి. ముగ్గురు కూనలు. ఆ పిల్లికి అన్నీ భయాలే! గాలి వీస్తే భయం, ఆకు రాలితే భయం. గుమ్మం దాటేముందు ఒకసారి, దాటాక ఒకసారి లెక్కపెట్టుకుంటుంది... ‘ముగ్గురూ ఉన్నారా?’. కత్తుల చప్పుడు దగ్గరవుతుంది. పొలంలోని జంతువులన్నీ ఆఖరి దుబ్బులో చేరతాయి. నక్క పక్కన కుందేలు, ముంగిస పక్కన పాము! ఏడో పేజీ రాగానే దేముడమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, పేజీ మీద అరచెయ్యి వేసి బొమ్మని కప్పేసి, కింది మాటలు మాత్రం చదివింది. ‘ఈ పూట ఎవరూ ఎవరినీ తినలేదు. అందరికీ ఒకటే భయం.’

ఆఖర్న కూనల గురించి ఒక చిన్న పేజీ ఉంది. ‘నేను చిరుత పిల్లని కాను’ అని కూన చెప్తుంది. ‘చిరుత పిల్లకి ఒళ్ళంతా గుత్తులు గుత్తులుగా మచ్చలు, తోక బారెడు. నా ఒంటి మీద గీతలు, నా తోక పొట్టి. నా చెవి కొసన నల్ల పిలక చూడు!’

ఎండ గోడ దిగి వీధిలోకి జారిపోయింది. దేముడమ్మ ముక్కు ఎగబీల్చింది.

“ఒసే గుంటా... ఈ పిల్లి నానేటే?”

ప్రవల్లిక తలూపింది. వెక్కి వెక్కి ఏడ్చింది! నిన్నటినుంచీ బిగబట్టుకున్నదంతా అత్త ఒళ్ళో కుమ్మరించేసింది.

“నువ్వే అత్తా! ఇంకెవరు? పదేళ్ళ కిందట హుద్‌హుద్ తుపాను పొద్దున్న గుర్తుందా? ‘గోడ పడిపోతాది, గోడ పడిపోతాది’ అని నువ్వు గోల పెడితే మావయ్యతో సహా అందరూ నవ్వేరు. పిరికిది అన్నారు. నువ్వు మాత్రం మమ్మల్ని ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని బడి బిల్డింగులోకి ఈడ్చుకెళ్ళేవు. వరండాలో నిలబడి, తడిసిపోయి, వణికిపోతూ లెక్కపెట్టేవు... ‘అందరూ ఉన్నారా?’ అని. మధ్యాహ్నానికి మట్టిగోడ మావయ్య పడుకునే మంచం మీదే కూలింది! అది ఎవరూ నీకు చెప్పలేదు కదా... ‘నువ్వు కాబట్టి బతికేం’ అని ఈ ఇంట్లో ఒక్కరూ అనలేదు కదా! నీ భయం చూసి అందరూ నవ్వుతారు. నాకు మాత్రం నీ భయమంత ధైర్యం ఎక్కడా కనపడలేదత్తా! అదే రాసేను. అదే వేసేను. ఇప్పుడు చెప్పు... అది అబద్ధమని పదిమందిలో చెప్పమంటావా?”

దేముడమ్మ అట్ట మీది పిల్లిని చేత్తో తడిమింది. యాభై ఏడేళ్ళ బతుకులో తనకోసం ఒకరు ఒక చీర కొన్నారు, ఒక ముక్కుపుడక కొన్నారు. తనని గురించి ఒక పుస్తకం రాశారా! చదువురాని పిరికిదాన్ని, వంటింటి మనిషిని... ఊరూరా బడిపిల్లలు చదువుకుంటున్నారా!

కళ్ళు తుడుచుకుంది. “అన్నం తిను,” అంది. “అబద్ధం ఎందుకవుతాది? ఒక్క తప్పున్నాది. ఆ పిల్లి నాకంటే సన్నంగా ఉన్నాది.”

*

ఆదివారం వచ్చింది. సత్యారావు బతిమాలితే పరదేశి జట్టు తిరిగొచ్చింది. తెల్లారకముందే మొదలైన నరుకుడు మూడు గంటలకి మడి నడుముకి చేరింది. జడల్లా కలిపి కట్టిన చెరకంతా నేలకొరిగి, మధ్యలో అయిదే అయిదు దుబ్బులు మిగిలాయి. కర్రలు, వల, నాలుగు కుక్కలు తయారుగా ఉన్నాయి. గట్టు మీద ఊరి పిల్లలు బిక్కమొహాలతో నిలబడ్డారు. చెరకు చెత్త కుప్పకి ఒకడు అప్పుడే నిప్పంటించాడు. సత్యారావు చంకలో నీలం ఫైలు!

“రావే పిల్లా,” అన్నాడు. “నీ కోసమే అందరూ కాసుకున్నారు.”

ప్రవల్లిక గట్టు దిగింది. ఆమె వెనకే దేముడమ్మ. పొలంలో పాముంటుందేమో, నిప్పు రవ్వ చీరకంటుకుంటుందేమో, భర్త చెయ్యెత్తుతాడేమో... దారంతా దేవుళ్ళందరికీ మొక్కుకుంటూనే వచ్చింది.

“మావయ్యా, ఇందరి ముందు నేను చెప్పేది ఒకటే,” ప్రవల్లిక గొంతు పొలమంతా వినబడింది. “నేను రాసింది నిజం. మళ్ళీ రాస్తాను. బొమ్మలు కాల్చేస్తే మళ్ళీ వేస్తాను!”

సత్యారావు మొహం కందగడ్డలా అయిపోయింది. ఫైలు పట్టుకుని మంటవైపు ఒక అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడే...

“బాబోయ్! పులి పిల్లలు! సిరత పిల్లలురా బాబూ!”

దుబ్బు ఆకులు పక్కకి తీసి చూసిన పరదేశి వెనక్కి విరుచుకుపడ్డాడు. లేచి కర్ర అక్కడే పారేసి పరుగు! ఆ మాట విన్న జట్టంతా పరుగు! వల పట్టుకున్న ఇద్దరూ చెరోవైపు పరిగెత్తి ఒకే వలలో చుట్టుకుని దొర్లారు. చీర ఎగ్గట్టిన సన్యాసమ్మ అందరికంటే ముందు గట్టెక్కింది. సత్యారావు సైతం ఫైలు గుండెకి అదుముకుని గట్టు మీదికి లంఘించాడు! క్షణంలో మడి ఖాళీ అయిపోయింది. నాలుగు కుక్కలూ వెళ్ళిపోయిన యజమానుల కోసం అటూ ఇటూ చూసి, అవీ తోకలు ముడిచాయి.

“తల్లి చుట్టుపక్కలే ఉంటాది! బేగి నిప్పెట్టేయండ్రా దుబ్బులికి! తల్లీ పిల్లా మాడి సస్తాయి!” పరదేశి గట్టు మీంచి కేకేశాడు. ఒకడు మండుతున్న చెరకు ఆకు కట్ట ఎత్తాడు.

ప్రవల్లిక ముందుకి ఉరికింది. కానీ ఆమెకంటే ముందు ఒక మనిషి ఆ దుబ్బుల దగ్గరికి చేరిపోయింది.

దేముడమ్మ!

వంగి ఆకులు పక్కకి తీసింది. లోపల ఎండుటాకుల గూట్లో మూడు కూనలు... కళ్ళు అప్పుడప్పుడే తెరుచుకున్నట్టున్నాయి. ఒంటి మీద గీతలు. తోకలు పొట్టి. చెవి కొసన... అవును, నల్ల పిలక! ఒక కూన ఆమెని చూసి ఉస్సుమంది. దేముడమ్మ “ఒలమ్మో” అని అదిరిపడింది. అదిరిపడి పారిపోలేదు. ఆ దుబ్బుకి వీపు పెట్టి, కాళ్ళు బారజాపి, నేల మీద కూలబడిపోయింది.

“పులీ కాదు గిలీ కాదు! బావురుపిల్లి కూనలు! మచ్చల్లేవు, గీతలున్నాయి! ఏడేళ్ళ గుంటకి తెలిసింది ఇంతింత మీసాలున్నోళ్ళకి తెలీదేటి? నిప్పెడతారా? ఎట్టండి! నా మీద ఎట్టండి ముందు!”

“ఒసే! నీకు మతి పోయిందా! లెగు! తల్లి సిరత వచ్చిందంటే పీక కొరికేస్తాది!” సత్యారావు గట్టు మీంచి గొంతు చించుకున్నాడు.

“కొరికితే నా పీకే కొరుకుతాది. రేపట్నించి నీకు కూడెవరు వండుతారో సూసుకో!”

గట్టు మీద పిల్లలు పకపకా నవ్వారు. మగవాళ్ళెవరికీ నవ్వు రాలేదు. ఆమెని లాక్కొచ్చేద్దామంటే దగ్గరికి వెళ్ళాలి. వెళ్దామంటే పులి భయం! కర్రలు పట్టుకున్న పద్దెనిమిదిమంది గట్టు మీద, కాలి బొటనవేలు చూసుకుని వణికే ఒక ముసలామె మడి మధ్యలో... వాళ్ళ ఊరు పుట్టాక అలాంటి చిత్రం ఎవరూ చూడలేదు!

“వదినా, నువ్వొచ్చి నా పక్కన కూకో, ఇద్దరం కబుర్లాడుకుందుం!” అని దేముడమ్మ పిలిస్తే సన్యాసమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

“ఏటి కావాలమ్మా నీకు?” పరదేశి చేతులు జోడించాడు.

“కుక్కల్ని కట్టేయండి. మంట ఆర్పండి. మాదాక ఎవరూ రాకండి. తల్లి సందేలకి వస్తాది, కూనల్ని నోట కరుసుకుని ఎల్తాది. పడమటి పక్కన దారొదిలేయండి. అంతే! మిగిల్న దుబ్బులు రేపు నరుక్కోండి, నాను మజ్జిగట్టుకొస్తాను.”

ఎవరూ కదల్లేదు. అప్పుడు గట్టు మీంచి ఒక మనిషి దిగాడు. సాయికిరణ్! తండ్రి వంక చూడకుండా వెళ్ళి, ఒక్కొక్క కుక్కనీ పట్టుకుని ట్రాక్టరుకి కట్టేశాడు. చెత్త మంట మీద కాలువ నీళ్ళు బిందెతో కుమ్మరించాడు. కోడలు అత్త పక్కన కూర్చోబోతే దేముడమ్మ కసిరింది. “నువ్వెల్లు! మనిషి వాసన ఎంత తక్కువుంటే అంత మంచిది. నీ పుస్తకంలోనే ఉన్నాది కదా!” తర్వాత తనూ లేచి, పదిబారల అవతలికి జరిగి, గట్టుకీ దుబ్బుకీ మధ్య అడ్డంగా కూర్చుంది.

పొద్దు వాలింది. గట్టు మీద గుసగుసలు ఆగిపోయాయి. పడమటి కాలువ గట్టు వెంబడి ఇసుక రంగు నీడ ఒకటి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. కుక్క కంటే చిన్నది, ఇంటి పిల్లి కంటే కాస్త పెద్దది... దాన్ని చూసి పరదేశి “ఓస్! ఇదేనా!” అని తనలో తను గొణుక్కున్నాడు. తల్లి దుబ్బులోకి దూరి, ఒక కూనని మెడ పట్టి తీసుకుని పొట్టి తోక ఊపుకుంటూ వెళ్ళింది. వచ్చింది. రెండోదాన్ని తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఎంతసేపటికీ రాలేదు! దేముడమ్మ మెడ చాచి కాలువ గట్టు వంక చూసింది. దారిలో కుక్క పట్టేసిందేమో... కాలువలో పడిపోయిందేమో... మూడోదాన్ని మరిచిపోయిందేమో... “మరిసిపోదు,” అని తనకి తనే చెప్పుకుంది. “తల్లి కదా!”

వచ్చింది. మూడోదాన్నీ తీసుకెళ్ళింది.

గట్టు మీద పిల్లలు చప్పట్లు కొట్టబోతే పరదేశే నోటి మీద వేలు పెట్టి ఆపాడు.

సత్యారావు గట్టు దిగి పెళ్ళాం దగ్గరికి వచ్చాడు. ఆయన చంకలో ఫైలు అలాగే ఉంది. చెమటకి దాని అట్ట మెత్తబడింది.

“లెగు. ఇంటికెల్దుం.”

“లెగను.”

“ఇంకేటి కావాలే? పిల్లులెల్లిపోనాయి కదా!”

“నా పిల్ల ఉండిపోనాది కదా!” దేముడమ్మ కోడలి వైపు చెయ్యి చూపించింది. “దాని దారి నువ్వు మూసేసి కూకున్నావు కదా! తల్లి లేని పిల్లని తెచ్చేను. పెంచేను. నువ్వు మాడుగుల బస్సు గంటకోటన్నావు. ముప్పై అయిదేళ్ళుగా నీకు బయపడతన్నాను... నీకు కోపమొస్తాదని, నీకు జబ్బొస్తాదని, నీకేటైపోతాదోనని! ఇయ్యాల కూడా బయంగానే ఉన్నాది, సూడు నా సేతులు! అయినా లెగను. నువ్వు పదిమందిలో దాని సేత మాట సెప్పించాలన్నావు. ఇదిగో పదిమందీ ఉన్నారు. మాట నువ్వు సెప్పు!”

సత్యారావు గట్టు వైపు చూశాడు. జట్టంతా చూస్తున్నారు. అక్క చూస్తోంది. కొడుకు ఈసారి ఫోనులోకి కాదు, తిన్నగా తండ్రి కళ్ళలోకే చూస్తున్నాడు. ఆయన అలవాటుగా ఒక కేక వెయ్యబోయాడు. నోరు తెరిచాడు. మట్టిలో కూర్చున్న ఆ మనిషి చేతులు నిజంగానే వణుకుతున్నాయి... కొంగు చెరగంతా బురద... ఆయన కేక బయటికి రాలేదు.

కోడలి వైపు తిరిగాడు. “అమ్మా పిల్లా... మీ అత్తని లెగమను. మంచు పడతంది, దానికి దగ్గొస్తాది.”

“మీరే అడగండి మావయ్యా,” అంది ప్రవల్లిక. కళ్ళనిండా నీళ్ళు, అయినా మాట తడబడలేదు.

సత్యారావు నీలం ఫైలు కోడలి చేతుల్లో పెట్టాడు. పెట్టి, నేల చూస్తూ, గడ్డం కింద గొణిగాడు. “రాసుకోనీ... ఇంట్లోనే ఉండి రాసుకోనీ. ఆఖరి దుబ్బుకి ఒక పక్క... దారొదుల్దుం.”

ప్రవల్లిక ఫైలుని గుండెకి హత్తుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సాయికిరణ్ తల్లిని లేవదీయడానికి చెయ్యి అందించాడు. దేముడమ్మ ఆ చెయ్యి అందుకోలేదు.

“పరదేశికి ఇనబడలేదు,” అంది.

“నాకు ఇనబడిందమ్మా!” గట్టు మీంచి పరదేశి.

“నీకు ఇనబడితే సాలదు బాబూ. మా వదినకి ఇనబడాల. పిల్లలందరికీ ఇనబడాల. ఊఁ... గట్టిగా అను!”

సత్యారావు భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ మాట మళ్ళీ అన్నాడు... ఈసారి రోడ్డు మీద పోతున్న ఆటో కూడా ఆగి వినేంత గట్టిగా!